నసబ్‌నుమా అంటే ఏంది?

నందికొండ
10-7-1961

పెద్దనాయినకు నమస్కారాలతో ఆండాళు.

ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. నాయినకు ఒక కార్డు రాశాను, మగ్గం ఆపి మీకు చదివి వినిపించే ఉంటాడు. మీకు కార్డు చాలదని కవరు కొన్నాను. ఇది క్షేమ సమాచారం కాదు, సాయం అడగడం.

ఇక్కడ బడి అంటే రేకుల షెడ్డు. ఆనకట్ట పనికి వచ్చినవాళ్ళ పిల్లలే అందరూ. పాలమూరు వాళ్ళు, దేవరకొండ వాళ్ళు, ఏటి అవతలి గుంటూరు వాళ్ళు. మధ్యాహ్నం కొండ పేల్చే ముందు కూత వేస్తారు. అది వినగానే పిల్లలంతా పలకలు నెత్తిన పెట్టుకొని కూర్చుంటారు. మొదటి రోజు నేను బల్ల కింద దూరాను. ఆ రోజుతో వాళ్ళకు నేనంటే భయం పోయింది. నాతోపాటు గదిలో ఉండే నిర్మలమ్మ టీచరు మంచిదే కాని చింతపులుసు తప్ప మరొకటి వండదు.

నాకు నాలుగో తరగతి ఇచ్చారు. ముప్పై ఎనిమిది మంది. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు బాగానే వచ్చు. పోయిన వారం భిన్నాలు మొదలుపెట్టాను. పైన రాసేది లవం, కింద రాసేది హారం అని బోర్డు మీద చూపాను. వెనక నుంచి ఒక పిల్ల, "టీచరమ్మా, హారం మెడల ఏసుకుంటరు గద, కింద ఎందుకు రాస్తరు?" అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జవాబు మాత్రం చెప్పలేకపోయాను. నాలుగోవంతు పెద్దదా, ఎనిమిదోవంతు పెద్దదా అంటే ముప్పై ఎనిమిది మందీ ఎనిమిదోవంతే అన్నారు. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా! ఎందుకు కాదో చెప్పాను. తలలూపారు. మర్నాడు అడిగితే మళ్ళీ ఎనిమిదోవంతే.

నాకు అక్షరాలు దిద్దించింది మీరే. ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పి మొన్ననే రిటైరైనవారు. అసలు తెలియని సంగతిని పిల్లలకు కొత్తగా చెప్పేటప్పుడు మీరు మొదటి మాట ఏమనేవారు?

మీ
ఆండాళు


నారాయణపేట
19-7-1961

చిరంజీవి ఆండాళును దీవించి పెద్దనాయిన రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నీ కోసం, ఒకసారి నీ దస్తూరీ చూడడానికి. తలకట్లు తొందరగా పెడుతున్నావు. మీ నాయినకు పనికేమీ లోటు లేదు. వారమంతా ఎర్రంచు చీర మీదే కూర్చున్నాడు. నడుము నొప్పి అంటాడు కాని దిగడు.

అడిగావు కనుక చెబుతున్నాను. బోర్డు మీద రాసేటప్పుడు తరగతికి పూర్తిగా వీపు చూపకూడదు, ఒక భుజం వాళ్ళ వైపు ఉండాలి. వాళ్ళు గోల చేస్తే నీ గొంతు తగ్గించు, వినడానికైనా ఊరుకుంటారు. ఇక నవ్వడం. హారం మెడలో వేసుకుంటారన్న పిల్లతో కలిసి నవ్వావు చూడు, తరగతి అక్కడే నీ చేతిలోంచి జారిపోయింది. కొత్త సంగతి చెప్పేటప్పుడు సూత్రం ముందు నోటికి రావాలి. రోజూ పదిసార్లు అనిపించు. అర్థం దానంతటదే తర్వాత వస్తుంది. మాకు అట్లాగే వచ్చింది. బెత్తం ఒకటి బల్ల మీద ఉంచు. కొట్టమనడం లేదు, కనబడాలి అంటున్నాను.

అక్కడ మన ఊరివాళ్ళు ఎవరైనా కలిశారా? మన వీధి అంజయ్య రెండేళ్ళ కింద అక్కడ పని చేసి వచ్చాడు. పేటవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారని చెప్పాడు. ఊరికే అడిగాను.

ఆశీస్సులతో
గండయ్య


నందికొండ
6-8-1961

పెద్దనాయినకు,

మీరు చెప్పినట్టే చేసి చూశాను. గొంతు తగ్గిస్తే నిజంగానే ఊరుకున్నారు, అది గొప్ప ఉపాయం. బెత్తం కూడా పెట్టాను. రెండు రోజులు తరగతి గప్‌చిప్. "హారం పెరిగితే విలువ తగ్గును" అని అందరూ పాటలాగా అన్నారు. మూడో రోజు ఎనిమిదోవంతు పెద్దదా అని అడిగితే అందరూ బెత్తం వైపు చూశారు. ఏది చెబితే దెబ్బ పడదో దానిలో వెతుక్కుంటున్నారని నాకు అనిపించింది. దాన్ని తీసుకుపోయి షెడ్డు వెనక పారేశాను.

మర్నాడు ఒక జొన్నరొట్టె పట్టుకుపోయాను. నలుగురికి పంచితే పెద్ద ముక్క వస్తుందా, ఎనిమిది మందికి పంచితే పెద్ద ముక్క వస్తుందా అని అడిగాను. ఇది తేలిక అనుకున్నాను. ఉప్పలమ్మ అనే పిల్ల లేచి, "ఎవరు పంచుతరు టీచరమ్మా?" అంది.

"ఎవరు పంచితే ఏంది?"

"మా అమ్మ పంచితే నాయినకే సగం పోతది. మిగిలింది మేం ఎంతమందిమున్నా గంతే."

పెద్దనాయినా, నేను నాలుగు వారాలుగా భిన్నాలు చెబుతున్నాను. సమానంగా పంచాలి అన్న మాటను ఒక్కసారీ నొక్కి చెప్పలేదు. నాకు తెలిసిన సంగతి కనుక చెప్పక్కర్లేదనుకున్నాను. ఆ పిల్ల చెప్పాక అందరినీ రొట్టె చుట్టూ కూర్చోబెట్టి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టించి, సరిగ్గా కుదిరేదాకా అంచులు తుంపించాను. ఆ రోజు ముప్పై మంది నాలుగోవంతే పెద్దదన్నారు. మీ బెత్తం కంటే నా రొట్టె నయం!

మగ్గం దగ్గర పడి ఉండే పేలికలు నాయినను అడిగి కొన్ని పంపించండి. మడతలు పెట్టి చూపడానికి గుడ్డ అయితే బాగుంటుంది. రోజూ రొట్టె తెస్తే పాఠం అయ్యేలోగా తినేస్తున్నారు.

మన ఊరివాళ్ళు ఎవరూ కలవలేదు. వేలమందిలో ఎక్కడని వెతకను?

ఆండాళు


నారాయణపేట
17-8-1961

చి. ఆండాళుకు,

పేలికలు మూట కట్టి అంజయ్య బంధువుతో పంపాను. సమానమైన వెడల్పుతో నేనే కత్తిరించాను.

నా బెత్తం సంగతి రాశావు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేతి కింద చదివినవాళ్ళు తాసీలు కచేరీలో ఉన్నారు, దవాఖానలో ఉన్నారు, ఇద్దరు వకీళ్ళయ్యారు. వాళ్ళెవరికీ నేను రొట్టె చూపలేదు. నీకు నయమనిపించిందే చెయ్యి.

వేలమందిలో వెతకమని నేను అనలేదు.

గండయ్య


నందికొండ
10-9-1961

పూజ్యులైన పెద్దనాయినకు,

మీకు కోపం వచ్చిందని తెలిసి కూడా వెంటనే రాయలేదు, క్షమించండి. బెత్తం మాట పరాచికానికి రాశాను. ఇప్పుడు రాసేది పరాచికం కాదు. కూర్చుని చదవండి.

పోయిన సోమవారం బడి మెట్లు కట్టడానికి ఆనకట్ట పని నుంచి ఒక మేస్త్రీని పంపారు. నేను లోపల పాఠం చెబుతున్నాను. పిల్లలకు తెలిసినదానిలోంచే లెక్క తీయాలని, "ఒక తట్ట సిమెంటుకు నాలుగు తట్టల ఇసుక కలిపితే, ఆ మాలులో సిమెంటు ఎన్నోవంతు?" అని అడిగాను. అందరూ నాలుగోవంతు అన్నారు. శభాష్ అని బోర్డు మీద అదే రాశాను.

బయట నుంచి మేస్త్రీ, "టీచరమ్మా, గది తప్పు. అయిదోవంతు," అన్నాడు.

నాకు ముందు చిరాకు వేసింది. "ఎట్లా?" అన్నాను.

"ఒకటి సిమెంటు, నాలుగు ఇసుక. కలిపినంక మొత్తం ఎన్ని తట్టలాయె? అయిదు. గందుల ఒకటి."

నిజమే కదా. ట్రైనింగు అయిన నేను తప్పు రాశాను, తాపీ పట్టుకున్నాయన సరిచేశాడు. లోపలికి వచ్చి పిల్లలకు మీరే చెప్పండి అన్నాను. రాలేదు. "బడి లోపలికి నేను రాను, నాకు గీడనే మంచిగుంది," అని గుమ్మం బయట కూర్చుని, మెట్టు మీద అయిదు కుప్పలు పోసి చూపించాడు. పిల్లలే బయటికి పోయి చుట్టూ మూగారు. వాళ్ళలో లీల అనే పిల్ల, "మా నాయిన," అని పక్కపిల్లతో గుసగుసగా చెప్పింది. హారం మెడలో కదా అని అడిగింది ఈ పిల్లే.

సాయంత్రం రిజిస్టరు తీశాను. లీల, తండ్రి దశరథ, స్వస్థలం నారాయణపేట. ఇంటిపేరు మనదే.

ఆదివారం వాళ్ళ గుడిసెకు పోయాను. ఆయన భార్య సైదమ్మ ఈ వైపు పిల్లే, మంచి మనిషి. "మీ నాయిన పేరేంది?" అని అడిగితే ఆయన లేచి నాకు మంచం వాల్చాడు. తర్వాత, "గండయ్య పంతులు," అన్నాడు. నేను ధర్మయ్య బిడ్డనని చెప్పాను. "ఆండాళువా? నేను పోయేటప్పుడు గింత ఉంటివి," అని చేత్తో నేల దగ్గర చూపాడు. ఆ చేతి చిటికెన వేలు వంగదు, అది ఒక్కటే పక్కకు నిలబడి ఉంటుంది. రాయి పడి ఉంటుంది. ఇక్కడ అలాంటివి మామూలే.

మీకొక కొడుకు ఉన్నాడని, చిన్నప్పుడే ఇల్లు వదిలి పోయాడని మాత్రం నాకు తెలుసు. ఎందుకని ఎవరినడిగినా ఇంట్లో "పెద్దల సంగతులు" అనేవారు. ఆయన ఇక్కడున్నాడని మీకు ముందే తెలుసా? మన ఊరివాళ్ళు కలిశారా అని అడిగింది ఇందుకేనా? నేరుగా అడిగితే నేను వెతికేదాన్ని కదా.

లీల మీ మనవరాలు. తొమ్మిదేళ్ళు. ప్రశ్నలు వేసి చంపుతుంది.

ఆండాళు


నారాయణపేట
18-9-1961

చి. ఆండాళుకు,

నీ ఉత్తరం అందింది. మాలు లెక్కలో నీవు చేసిన పొరపాటు చాలామంది చేస్తారు. భాగానికి, మిగిలిన భాగానికి మధ్య ఉన్న పోలిక వేరు, భాగానికి, మొత్తానికి మధ్య ఉన్న పోలిక వేరు. ఇది పిల్లలకు మొదట్లోనే విడదీసి చూపాలి. మొత్తం ఏది అని ముందు అడిగించు, తర్వాతే వంతు అడుగు. హారం ఎప్పుడూ మొత్తాన్ని చెబుతుంది. తర్వాత సమాన హారాలు చెప్పు. సమాన హారాలు బాగా వచ్చేదాకా కూడికకు పోవద్దు. కూడికలో క.సా.గు. తప్పక వేయించు.

ఇక్కడ వాన లేదు. నా కళ్ళద్దాలు మార్చారు.

గండయ్య


నందికొండ
26-9-1961

పెద్దనాయినకు,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో హారం ఉంది, క.సా.గు. ఉంది, మీ కళ్ళద్దాలు ఉన్నాయి. దశరథన్న లేడు. లీల లేదు.

పోస్టు వచ్చిన రోజు దశరథన్న బడి దగ్గరికి వచ్చి, మెట్టు ఎండిందో లేదో చూసే నెపంతో నిలబడ్డాడు. మీరు కులాసాగా ఉన్నారని చెప్పాను. "నన్నేమన్న అడిగిండా?" అన్నాడు. ఏమని చెప్పను? అబద్ధం చెప్పాను.

మీరు ఇంత గట్టి మనసువారని నాకు తెలియదు. భిన్నాల గురించి ఇక మిమ్మల్ని అడగను.

ఆండాళు


నారాయణపేట
3-10-1961

అమ్మా ఆండాళూ,

వేలు రాయి పడి పోయింది కాదు.

పోయిన ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. వాడి పేరు రాయాలని కూర్చుని హారం గురించి రాశాను. నాకు రాయడం వచ్చినది అదొక్కటే.

అప్పుడు నైజాం రోజులు. బడిలో లెక్కలు ఉర్దూలోనే చెప్పాలి. లవాన్ని షుమార్‌కునిందా అనాలి, హారాన్ని నసబ్‌నుమా అనాలి. మేము అట్లాగే కంఠతా పట్టాము, పిల్లల చేత పట్టించాము. పంతొమ్మిది వందల నలభై నాలుగులో, మర్నాడు తనిఖీ అనగా, సొంత కొడుకును వెనకేసుకొస్తున్నాడని ఎవరూ అనకూడదని దశరథను ముందు నిలబెట్టి అడిగాను. వాడికి పన్నెండేళ్ళు. కింది అంకెను ఏమంటారు అన్నాను. నసబ్‌నుమా అన్నాడు. సరే కూర్చో అన్నాను. కూర్చోలేదు. "నాయినా, నసబ్‌నుమా అంటే ఏంది?" అని అడిగాడు.

తరగతి నవ్వింది. బడిలో పంతులు గారూ అనాలి కాని నాయినా అనకూడదు. అందుకే కొట్టానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ మాటకు అర్థం నాకు తెలియదు. పదేళ్ళకు పైగా రోజూ అనిపిస్తున్నాను, ఒక్కరోజూ నాకు ఆ ప్రశ్న రాలేదు. వాడికి వచ్చింది. తెలియదని అనలేక కొట్టాను. రూళ్ళకర్ర అంచుతో కొట్టాను. వేలు సాయంత్రానికి వాచిపోయింది. మీ పెద్దమ్మ వెంకటనర్సమ్మ వాణ్ణి దవాఖానకు తీసుకుపోయింది. నేను తనిఖీకి బోర్డులు తుడిపిస్తున్నాను. మర్నాడు తనిఖీ బాగా జరిగింది, రిజిస్టరులో మెచ్చుకుంటూ రాసిపోయారు.

వాడు మళ్ళీ బడికి రాలేదు. మీ పెద్దమ్మ వాణ్ణి కొత్తకోటలో తన అన్న ఇంటికి పంపింది. అక్కడి నుంచి రాళ్ళ పనికి పోయాడు. మీ పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంతకు ముందు నేను బడికి పోయేటప్పుడు గడప దాకా వచ్చేది. ఆ తర్వాత పదకొండేళ్ళు, తాను పోయేదాకా, ఒక్కరోజూ రాలేదు. ఆమె చనిపోయినప్పుడు వాడు శ్మశానానికి వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆడవాళ్ళు రారు కనుక మీరెవరూ చూడలేదు. నేను దగ్గరికి పోయేలోగా వెళ్ళిపోయాడు. పోయేలోగా అని రాశాను కాని, నేను అడుగు వేయలేదు.

వాడు పోయిన మరుసటి ఏడు ఉర్దూ చెప్పే మౌల్వీ సాబును అడిగాను. నసబ్ అంటే వంశమట, నుమా అంటే చూపించేదట. ముక్క ఏ ఇంటిదో చూపించేది అన్నమాట. అడగడానికి అయిదు నిమిషాలు పట్టింది.

ఇది వాడికి చూపవద్దు. నీవు నన్ను గట్టి మనసువాడన్నావు, అది కాదని చెప్పడానికి రాశాను.

పెద్దనాయిన


నందికొండ
9-10-1961

పెద్దనాయినా,

మీరు వద్దన్న పని చేశాను. మీ ఉత్తరం దశరథన్నకు ఇచ్చాను.

ఆయన నిలబడే చదివాడు. చదవడం అలవాటు తప్పింది, ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. చాలాసేపు పట్టింది. సైదమ్మ వదిన, "ఏం రాసిండు?" అని అడిగితే, "తనకు గుడ తెల్వదంట," అన్నాడు. తర్వాత నవ్వాడు. అది ఎలాంటి నవ్వో నాకు తెలియలేదు. ఉత్తరం మడిచి నాకు తిరిగి ఇచ్చి పనికి పోయాడు.

మర్నాడు బడి దగ్గరికి వచ్చి, "బతుకమ్మ సెలవులల్ల రమ్మను. పోరి చూస్తది తాతను," అన్నాడు. ఇంకేమీ అనలేదు. అదే మాట రాస్తున్నాను.

ఇంకొకటి. హారం అంటే ముక్క ఏ ఇంటిదో చూపించేదని తరగతిలో చెప్పాను. నాలుగు అనే ఇంటి ముక్క, ఎనిమిది అనే ఇంటి ముక్క. వేరువేరు ఇళ్ళ ముక్కలను కలిపి లెక్కపెట్టాలంటే ముందు ఒకే ఇంటివిగా మార్చుకోవాలి. నమ్ముతారా, సగాన్నీ మూడోవంతునూ కూడడం ఒక్క పూటలో పట్టుకున్నారు. మీరు పంపిన పేలికలే మడిచి చూసుకుంటున్నారు. లీల అందరికంటే ముందు. తనకు పేలిక కూడా అక్కర్లేదు, కళ్ళు మూసుకుని మడత పెడుతుంది.

తప్పకుండా రండి. మీరు వచ్చే రోజుల్లో నాకు నల్లగొండలో ఉపాధ్యాయుల తరగతులు ఉన్నాయి, కొత్త పద్ధతులు నేర్పుతారట. మొదటి రోజు మిమ్మల్ని వాళ్ళింట్లో దింపి పోతాను. నాలుగు రోజుల్లో తిరిగి వస్తాను.

మీ ఆండాళు


నందికొండ
27-10-1961

పెద్దనాయినకు,

నేను తిరిగి వచ్చేసరికి మీరు లేరు. నాలుగు రోజులుంటారని వదిలి పోతే రెండో రోజే పోయారు. ఎందుకని దశరథన్నను అడిగితే, "పనున్నదంట," అన్నాడు. లీల చెప్పింది.

మీరు తనను పలక మీద సగం, మూడోవంతు కూడమన్నారట. తను ఆరింటిలో అయిదు అని చెప్పిందట. క.సా.గు. ఏది అన్నారట. "నాకు గది రాదు తాతా, నాకు గిట్లనే వస్తది," అందట. తర్వాత లీల మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "తాత చెయ్యి ఎత్తిండు. నేను కండ్లు మూసుకున్న. తెరిసేసరికి నాయిన నడుమ నిలవడ్డడు."

బస్సు మూడు గంటలకు. ఒంటిగంటకే మీ సంచి పట్టుకుని దశరథన్న మిమ్మల్ని తీసుకుపోయాడని సైదమ్మ వదిన చెప్పింది. ఆ ఎండలో రెండు గంటల ముందే మిమ్మల్ని బస్‌స్టాండులో వదిలేశాడంటే ఎంత మండి ఉండాలి! ఆయనను నేనేమీ అనలేను. ఉత్తరం చూపించి, రమ్మని రాసి, ఇదంతా చేసింది నేను. నాది బుద్ధి తక్కువ. కాగితం మీద మీరు వేరే మనిషిలా కనిపించారు.

ఒక్కటే అడుగుతాను. చెయ్యి ఎందుకు లేచింది? తల నిమరడానికని రాయండి, నమ్ముతాను. లీలకు చెబుతాను.

ఆండాళు


నారాయణపేట
6-11-1961

ఆండాళుకు,

తల నిమరడానికని రాయాలని వారం రోజులు చూశాను. అట్లా రాస్తే నీవు నమ్ముతావు, ఆ పిల్లా నమ్ముతుంది. కాని నాకు తెలియదు. లేవడం మాత్రం నేను చూశాను. కొట్టాలని నేను అనుకోలేదు. అనుకోకుండానే లేచింది. ముప్పై ఒక్క ఏళ్ళు లేచిన చెయ్యి, నన్ను అడగడం మానేసి చాలా కాలమైంది.

ఆమె చెప్పిన జవాబు సరైనదే. అది నాకు అప్పుడే తెలుసు. ఆనాడు వాడు నాకు తెలియనిది అడిగాడు, అందుకు కొట్టానని నీకు రాశాను. ఈ పిల్ల ఏమీ అడగలేదు. తెలిసి చెప్పింది. నేను నేర్పిన దారిన రాలేదు, అంతే. లీలకు నీవు ఒక్కటి చెప్పు. లెక్క సరిగ్గా చేసిందనీ, తాతకు అది తెలుసుననీ చెప్పు. కళ్ళు మూసుకోవలసిన తప్పేమీ ఆమె చేయలేదు.

దశరథ సంగతి నీవు పొరబడ్డావు. వాడు నన్ను వదిలిపోలేదు. మూడు గంటల దాకా నా పక్కనే కూర్చున్నాడు.

రాళ్ళ కుప్ప నీడలో కూర్చున్నాము. చాయ్ తెచ్చి ఇచ్చాడు. వేలి గురించి అడగాలని నోటిదాకా వచ్చింది. ఆ చేత్తోనే గ్లాసు పట్టుకున్నాడు. అడగలేక, మాలు లెక్క అడిగాను. అయిదోవంతని నీకు ఎవరు చెప్పారు అన్నాను. "ఎవరు జెప్తరు నాయినా? తట్టలు మోసినోనికి మొత్తం ఎన్నో తెల్వదా?" అన్నాడు. కంకర ముక్కలు అయిదు తీసి నేల మీద పెట్టాడు. ఒకటి పక్కకు జరిపాడు. నాకు తెలియని లెక్క కాదు. అయినా తెలియనట్టే విన్నాను, ఎందుకంటే వాడు నాకు చెబుతున్నాడు, అట్లా ఇంకొంచెంసేపు చెప్పాలని ఉండింది. చెప్పడం అయిపోయాక శభాష్ అన్నాను. క్షమించు అనాలి. నోటికి శభాష్ వచ్చింది. వాడు తలవంచుకుని కంకర ముక్కలు ఒకటొకటే ఏరి కుప్పలో వేశాడు.

తర్వాత గంటన్నర ఇద్దరమూ ఆ నీడ జరిగినకొద్దీ జరుగుతూ కూర్చున్నాము. బస్సు ఆలస్యమైతే బాగుండునని చూశాను, సమయానికే వచ్చింది.

నేను మళ్ళీ అక్కడికి రాను. కోపమనుకోకు. దశరథ మళ్ళీ రమ్మన్నా, నీవు రమ్మన్నా రాను. నా నోటికి నేను పూచీ పడగలను, చేతికి పడలేను. ఆ పిల్ల ఎదుట ఇంకోసారి అది లేస్తే, ఇంకో ముప్పై ఏళ్ళు ఆమె దాన్ని మోయాలి. ఉత్తరాలు రాస్తాను. ఉత్తరంలో నా చెయ్యి కలం పట్టుకునే ఉంటుంది.

నీ తప్పేమీ లేదు, ఆండాళూ. ఉత్తరం చూపించి మంచి పని చేశావు. అందువల్ల ఆ రెండు గంటలు దొరికాయి. నీవు ఇప్పుడు చేస్తున్నట్టే పాఠం చెప్పు. తెలియనిది అడిగితే తెలియదని చెప్పు, మర్నాడు తెలుసుకుని వస్తానని చెప్పు. ఆ ఒక్క మాటే నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఎవరికీ నేర్పలేదు.

నేను బస్సు ఎక్కాక వాడు సంచి లోపల పెట్టి, దిగి, కిటికీ దగ్గరికి వచ్చాడు. "నాయినా, పోరి మీద చెయ్యి ఎత్తొద్దని నిన్ను రమ్మనేటప్పుడే ఆండాళుతోని రాయిద్దామనుకున్న," అన్నాడు.

"మరెందుకు రాయించలే?" అన్నాను.

"గట్ల రాస్తే నువ్వు రావేమోనని."

పెద్దనాయిన